రొయ్యల గుంట షెడ్డులో దొరికిన పాత హోండా ఏటీసీ 200: ముప్పై వేలలో లేస్తుందా?

ఉప్పుటేరు
అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు. రొయ్యల గుంటలు చేస్తాం, కొన్ని సొంతం, కొన్ని లీజు. ఈమధ్య లీజుకు తీసుకున్న గుంటల పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో విరిగిన ఏరేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే మిషన్) చక్రాలు, కుళ్లిపోయిన మేత సంచులు తీయిస్తుంటే అడుగున మూడు చక్రాల బండి ఒకటి బయటపడింది. ఆటో కాదు, ట్రాలీ కాదు. ముందు ఒక లావు టైరు, వెనక రెండు లావు టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, సీటు. స్టిక్కర్ సగం ఊడిపోయింది, మిగిలిన దాంట్లో ఏటీసీ 200 ఎస్ అని కనపడుతోంది. హోండా.

స్థలం పెద్దాయన చెప్పేదేందంటే, 1990ల మొదట్లో రొయ్యల ఊపు మీద ఇక్కడ గుంటలు తవ్విన కంపెనీ వాళ్లు బయటి దేశం నుంచి తెచ్చిన మిషన్లతో పాటు దీన్నీ దించారంట. గట్ల మీద సూపర్‌వైజర్లు తిరిగేవాళ్లంట. తర్వాత తెల్లమచ్చ తెగులు వచ్చింది, తీరం పక్కన రొయ్యల గుంటలు ఎత్తేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కంపెనీ మూటాముల్లె సర్దుకుని పోయింది, బండి మిగిలింది. "తీసుకుపో నాయనా, నాకు షెడ్డు ఖాళీ అయితే చాలు" అన్నాడు.

పరిస్థితి ఇదీ: ఇంజిన్ తిరగడం లేదు, బిగుసుకుపోయింది. స్టార్ట్ చేసే తాడు లేదు. చైను ఒకే ఇనుప ముద్ద. సీటు ఎలుకలు తినేశాయి. వెనక బురద రెక్కలు రెండు చోట్ల పగిలాయి. టైర్లలో గాలి లేదు, పక్కలు పగుళ్లు. నా దగ్గర ముప్పై వేలు ఉన్నాయి, అంతకు మించి పెడితే ఇంట్లో అన్నం పెట్టరు. రాత్రిళ్లు ఏరేటర్లు చూసుకోడానికి, మేత సంచులు గట్టు చివరికి చేర్చడానికి పనికొస్తే చాలు. ముందు ఫ్రేము శాండ్ బ్లాస్టింగ్ చేయించి పౌడర్ కోటింగ్ వేయిద్దామని ఉంది, తొమ్మిది వేలు చెప్పాడు. మీ సలహా ఏంది?

కావలి_కుర్రోడు
అన్నా ఫొటోలు పెట్టన్నా ముందు!! ఇట్టాంటిది మన జిల్లాలో ఉందంటే నమ్మలేకపోతున్నా. రంగు మాత్రం ఎరుపే వేయించు, ఒరిజినల్ అదే.

బ్యారన్_బావ
టంగుటూరు నుంచి ఒక ఉచిత సలహా. ముప్పై వేలకు సెకండ్ హ్యాండ్ ఎక్సెల్ హండ్రెడ్ వస్తుంది, రెండు మేత సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని గట్టు మీద పోవచ్చు, పాడైతే ఊళ్లోనే బాగు చేస్తారు. ఇది బాగుచేసే పని కాదు, కొత్త సంబంధం చేసుకునే పని.

పాత_ఇనుము
బావ చెప్పింది నిజమే కానీ అడిగింది అది కాదు కదా.

అబ్బయ్యా, కోటింగ్ మాట ఇప్పుడు ఎత్తొద్దు. నేను నెల్లూరు ఆటోనగర్‌లో చాన్నాళ్లు పని చేసినవాణ్ణి, చూసింది చెప్తున్నా. పాత బండి తెచ్చినవాడు మొదట రంగుకు పోతాడు, ఎందుకంటే రంగు వేస్తే నలుగురూ చూసి బాగుందంటారు. తొమ్మిది వేలు దానికి పోయాక ఇంజిన్ విప్పితే క్రాంక్ పోయి ఉంటుంది, అప్పుడు డబ్బు ఉండదు, రంగేసిన ఫ్రేము మంచం కింద పెట్టుకుని కూర్చుంటాడు. నీ ముప్పై వేలల్లో మొదటి రూపాయి ఇంజిన్ తిరుగుతుందా లేదా తెలుసుకోడానికి పోవాలి. రెండోది బ్రేకులకి. మూడోది టైర్లూ బేరింగులకి. మిగిలితే రంగు, మిగలకపోతే డబ్బా పెయింటు, బ్రష్షు. గుంట గట్టు మీద ఎవడు చూస్తాడు, కొంగలు తప్ప.

ఫ్రేము నంబరు చూడు. పదిహేడు అంకెల నంబరైతే పదో స్థానంలో 'ఇ' ఉంటే 1984 మోడల్, 'ఎఫ్' అయితే 1985, 'జి' అయితే 1986. అది తెలిస్తే పార్టులు వెతకడం సులువు.

ఫ్రేము పైపులు చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పో. ఉప్పుగాలికి పైపు లోపలి నుంచి తింటుంది, పైన రంగు బాగానే కనపడుతుంది. ఖణీ ఖణీ అంటే సరే. చప్పుడు చచ్చినట్టుంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టు. ముఖ్యంగా కాలు పెట్టే కడ్డీలు ఫ్రేముకు అతికిన చోటు, వెనక ఇరుసు పట్టుకునే చోటు.

ఉప్పుటేరు
పదో అక్షరం 'ఎఫ్'. అంటే 1985. సుత్తితో తట్టాను అన్నా, కుడి కాలు కడ్డీ దగ్గర ఒక చోట తేడాగా ఉంది, మిగతాదంతా గట్టిగానే ఉంది. షెడ్డు నేల ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు తగల్లేదనుకుంటా.

ఎడారి_బండి
నేను ఉదయగిరి వాణ్ణి, గల్ఫ్‌లో ఇసుక దిబ్బల మీద నాలుగు చక్రాల బళ్లు అద్దెకిచ్చే చోట చాలాకాలం పనిచేశాను. మూడు చక్రాలవి కూడా ఒకటి రెండు ఉండేవి, పాతవి. కొంచెం చరిత్ర చెప్తా, బాగుచేసేవాడికి పనికొస్తుంది.

హోండా వాళ్లు ఈ రకం బండిని మొదట 1970లో 90 సీసీ ఇంజిన్‌తో దించారు. స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు, అంతా ఆ బెలూన్ టైర్ల మీదే. మంచు, ఇసుక, బురద, ఎక్కడైనా కూరుకుపోకుండా పోవాలని. తర్వాత 110, 185, 200 వచ్చాయి. నీ దగ్గర ఉన్నది 192 సీసీ, గాలితో చల్లబడే ఫోర్ స్ట్రోక్, ఐదు గేర్లు. క్లచ్ లివర్ ఉండదు, మన పాత హీరో హోండా స్ట్రీట్‌లో లాగా గేరు తొక్కితే చాలు. బ్యాటరీ కూడా ఉండదు, ఇంజిన్ తిరిగినంతసేపే లైటు వెలుగుతుంది. అందుకే అన్నేళ్లు పడున్నా చెడిపోయే సామాను తక్కువ.

అమెరికాలో వీటి మీద నుంచి పడి చచ్చినవాళ్లు, నడుము విరిగినవాళ్లు ఎక్కువైపోయి, అక్కడి భద్రతా కమిషన్ కోర్టుకు పోతే 1988 ఏప్రిల్‌లో కంపెనీలన్నీ కొత్త మూడు చక్రాలవి అమ్మడం మానేస్తామని ఒప్పుకున్నాయి. ఆ తర్వాత అంతా నాలుగు చక్రాలే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, బండి లేచాక దీని గురించి వేరే రాస్తా. అప్పటిదాకా పిల్లల్ని ఎక్కించొద్దు, అంతే.

లేత్_బాబాయ్
ఒంగోలు. బోరింగ్ (సిలిండర్ లోపల కోసి పెద్దది చేయడం), హోనింగ్ (లోపల రుద్ది సాపు చేయడం), వెల్డింగ్ పని మాది.

బిగుసుకుపోయిన ఇంజిన్‌ను గేర్లో వేసి తోసి లాగొద్దు, ప్లగ్గు రంధ్రంలో కడ్డీ పెట్టి సుత్తితో కొట్టొద్దు. ప్లగ్గు తీసి, ఏటీఎఫ్ ఆయిల్లో (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసేది) కాస్త థిన్నర్ కలిపి, పిస్టన్ మీద మునిగేంత పోసి గుడ్డ అడ్డుపెట్టి వదిలెయ్. థిన్నర్ ఆవిరి మండుతుంది, దగ్గర బీడీ వెలిగించేవాణ్ణి రానివ్వొద్దు. రోజూ ఒకసారి తాడు పుల్లీ తీసేసి, దాని వెనక బోల్టుకు సాకెట్ పెట్టి ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం, చెయ్యి బలంతో మాత్రమే. కదలకపోతే మళ్లీ పోసి వదిలెయ్. ఓపిక ఉన్నవాడికి సిలిండర్ దక్కుతుంది, లేనివాడికి నా దగ్గర బోరింగ్ బిల్లు దక్కుతుంది.

కదిలాక కూడా వెంటనే స్టార్ట్ చేయొద్దు. హెడ్డు, సిలిండర్ విప్పి తీసుకురా. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, ఈ బండికి 65 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 57.8.

కావలి_కుర్రోడు
బాబాయ్, హీరో హోండా కరిజ్మా బైకు పిస్టన్ 65.5 కదా? అంటే ఒక సైజు బోరింగ్ చేయిస్తే మన కరిజ్మా పిస్టన్ దిగిపోతుంది! అది కూడా హోండా ఇంజినే, సూపర్ కదా.

లేత్_బాబాయ్
కరిజ్మా బోరు 65.5 అన్నది నిజమే. కానీ దాని స్ట్రోకు 66.2, ఇంజిన్ 223 సీసీ. పిస్టన్ అంటే అడ్డుకొలత ఒక్కటే కాదు నాయనా. పిన్ను లావు ఎంత, పిన్ను మధ్య నుంచి పిస్టన్ నెత్తిదాకా ఎత్తు ఎంత, వాల్వులకు గుంటలు ఎక్కడున్నాయి, ఈ మూడూ పాత పిస్టన్ పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాకే మాట. ఎత్తు ఒక మిల్లీమీటరు ఎక్కువైతే హెడ్డుకు తగులుతుంది, తక్కువైతే కంప్రెషన్ పోతుంది. కొలవకుండా కొనొద్దు, కోయించొద్దు. అసలు బోరింగ్ అవసరమో కాదో ఇంకా చూడనేలేదు.

పాత_ఇనుము
బాబాయ్ మాట బంగారం. దీనికే ఇంకో మాట. ఇట్టాంటి బండికి పేరు చెప్పి పార్టు అడిగితే కౌంటర్లో వాడు నవ్వుతాడు. నంబరు చెప్పి అడుగు. బేరింగ్ తుడిస్తే అంచు మీద నంబరు ఉంటుంది, ఆయిల్ సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అచ్చు వేసి ఉంటాయి. అదే నంబరు బేరింగ్ ఏ మోటారు పంపులోనో, ఏ కల్టివేటర్లోనో వాడుతూనే ఉంటారు. ట్రంకు రోడ్డు షాపుల్లోనే దొరుకుతుంది. నేను చూసినంతలో పాత జపాన్ బండి అంటే సగం పార్టులు మామూలు కొలతల సామానే, పైన పేరు మాత్రమే వేరే.

చైను 520 సైజు అయితే కేటీఎం డ్యూక్ 390 బైకుకి వాడేది అదే. లింకులు ఎక్కువుంటే కోసుకోవచ్చు. స్ప్రాకెట్ చేతిలో పట్టుకుపో, దాని మీద వేసి చూడు.

దొరకనివి ఏమన్నా ఉంటే మద్రాసు పుదుపేట. నెల్లూరులో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. కానీ అక్కడ "ఇదే సార్ అదే" అని అంటగడతారు, పాత పార్టు సంచిలో వేసుకుని పోకపోతే పోవద్దు.

ఉప్పుటేరు
కదిలింది!! మొదట కొన్నాళ్లు ఏం ప్రయోజనం లేదు, రాయిలాగే ఉంది, నిన్న సాయంత్రం సాకెట్ పెట్టి ఆనిస్తే కిర్రుమని వేలెడంత తిరిగింది. ఇప్పుడు పూర్తిగా తిరుగుతోంది. లోపల నుంచి కాఫీ డికాషన్ లాంటి నీళ్లొచ్చాయి. హెడ్డు విప్పి ఒంగోలు తెస్తున్నా బాబాయ్.

మైపాడు_టీచర్
ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను, బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఒక మాట మాత్రం. ఇది లేచాక సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాలని అందరికీ అనిపిస్తుంది, కావలి కుర్రోడికి ఇప్పటికే అనిపించి ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పైకి ఏమీ కనపడదు, ఇంత లావు టైరు పోతే గూడు అణిగిపోతుంది. దయచేసి గట్ల దాకానే ఉంచండి.

కావలి_కుర్రోడు
మేడమ్ నా మనసులో మాట ఎట్టా తెలిసింది 😄 సరే, తుమ్మలపెంట బీచ్ ప్లాన్ రద్దు.

బ్యారన్_బావ
రోడ్డు మీదికి కూడా వద్దులే. కాగితాలు లేని బయటి దేశం బండి, రిజిస్ట్రేషన్ కాదు, ఇన్సూరెన్స్ రాదు. రోడ్డు దాటేటప్పుడు ఎవరికన్నా తగిలితే గుంట అమ్ముకోవాలి. సొంత భూమి, లీజు భూమి, అంతవరకే.

లేత్_బాబాయ్
సిలిండర్ చూశాను. పై భాగంలో తుప్పు మచ్చ ఉంది కానీ గోరు తగిలేంత లోతు లేదు. అరుగుదల పరిమితి లోపలే. బోరింగ్ అక్కర్లేదు, హోనింగ్ చేసి ఇచ్చాను. రింగులు కార్బన్‌లో ఇరుక్కుని ఉంటే కిరోసిన్లో నానబెట్టి విరక్కుండా తీశాం, సిలిండర్లో పెట్టి రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజీతో చూస్తే పర్వాలేదు. అవే వేసుకోమన్నాను. వాల్వులు రుద్ది సీట్లు కూర్చోబెట్టాను. కాలు కడ్డీ దగ్గర కుళ్లిన ముక్క కోసి లోపల ఒక పైపు దూర్చి పైన అతికాను, ఊరికే పైపైన వెల్డింగ్ పెడితే పక్కనే మళ్లీ చీలుతుంది.

హెడ్డు గాస్కెట్ మాత్రం ఇంట్లో కోసుకునేది కాదు, ఆన్‌లైన్లో ఈ మోడల్‌కు దొరుకుతుంది, తెప్పించుకో. మిగతా కవర్లకు గాస్కెట్ షీటు తెచ్చుకో. కవరు మీద షీటు పరిచి, కదలకుండా పట్టుకుని, గుండు సుత్తితో అంచు వెంబడి చిన్నగా కొట్టుకుంటూ పో. అంచు పదును షీటును అదే కోసేస్తుంది. బోల్టు రంధ్రాల దగ్గర సుత్తి గుండు వైపు పెట్టి ఒక్క దెబ్బ. ముందు రెండు బోల్టు రంధ్రాలు చేసి బోల్టులు దూర్చి పెడితే షీటు జరగదు. ఆయిల్ దారి రంధ్రం ఉంటే మర్చిపోకుండా తెరువు, అది మూసుకుపోతే పైన క్యామ్‌కు ఆయిల్ పోదు, చేసిన పనంతా బూడిదలో పన్నీరు.

పాత_ఇనుము
కార్బ్యురేటర్ సంగతి నేను చెప్తా. విప్పి పెట్రోల్లో కడిగితే చాలదు, ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లగా బూజు లాగా పట్టి ఉంటుంది. సన్న రంధ్రాలు సూదితో పొడవొద్దు, జెట్ వెడల్పై పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కరెంటు వైరు పై తొడుగు ఒలిచి లోపల ఒక్క రాగి పోగు తీసి దాంతో తియ్. తర్వాత గాలి కొట్టించు.

పెట్రోల్ పైపు, ఫ్లోట్ గిన్నె రబ్బరు రింగు, సూది రబ్బరు మొన, ఇవన్నీ కొత్తవి వెయ్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఆ కాలం రబ్బరు దాన్ని తట్టుకోదు, ఉబ్బి మెత్తబడుతుంది. బండి వాడని నెలల్లో ట్యాంకు, కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టు.

ఉప్పుటేరు
ఈ వారం పనులు: తాడు స్టార్టర్ విప్పాం, లోపల స్ప్రింగు బాగుంది. తాడు కోసం ఎక్కడెక్కడో అడుగుతుంటే మా చేపల ఆయన నవ్వి వలల షాపులో ఐదు మిల్లీమీటర్ల నైలాన్ తాడు మూర కొలిచి ఇప్పించాడు. కొసలు అగ్గిపుల్లతో కాల్చి ముడేశాను. నిప్పు రవ్వ కూడా వస్తోంది, స్విచ్ దగ్గర వైరు కుళ్లి ఉంటే మార్చాం, ప్లగ్గు కొత్తది.

రెక్కలు అతికిద్దామని ఎం-సీల్ పెట్టాను, మర్నాటికి పొరలాగా ఊడొచ్చింది. ఏం చేయాలి?

ఎడారి_బండి
ఆ రెక్కలు పాలిథిలిన్, దానికి ఏ జిగురూ అంటదు, ఫెవిక్విక్ కూడా దండగే. వేడితోనే అతకాలి. పగులు చివర ఒక చిన్న రంధ్రం వెయ్, లేకపోతే ఇంకా సాగుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో పగులు రెండు అంచులూ కరిగించి, అదే రకం ప్లాస్టిక్ ముక్క ఏదన్నా, పాత నీళ్ల డ్రమ్ము ముక్కైనా సరే, కరిగించి నింపు. అడుగు వైపు దోమతెర ఇనుప జాలీ ముక్క పెట్టి ప్లాస్టిక్‌లోకి దిగేలా వేడి చెయ్. గాలి ఆడే చోట కూర్చుని చేయి, పొగ పీల్చొద్దు.

అసలు విషయం టైర్లు. ఏం చేద్దామనుకుంటున్నావు?

ఉప్పుటేరు
అదే పెద్ద టెన్షన్. కొత్తవి మూడు అంటే నా బడ్జెట్ మొత్తం వాటికే పోతుంది. ఆటో మెకానిక్ ఒకాయన "ఇవన్నీ ఎందుకు, ఆటో రిమ్ములు వెల్డింగ్ చేసి 4.00-8 ఆటో టైర్లు వేద్దాం, మూడూ కలిపి ఐదు వేలలో అయిపోద్ది" అంటున్నాడు.

ఎడారి_బండి
వద్దు వద్దు వద్దు. ముందే చెప్పాను కదా, ఈ బండికి స్ప్రింగులు లేవు, టైరే స్ప్రింగు. ఆటో టైరు వేస్తే గట్టు మీద ప్రతి గడ్డా నీ వెన్నుపూసలోకే వస్తుంది, లేత్ బాబాయ్ అతికిన ఫ్రేము మళ్లీ చీలుతుంది. ఆటో టైరు సన్నం, తడి గట్టు మట్టిలో దిగబడిపోతుంది, అసలు ఈ బండి వాడేదే దిగబడకూడదని. పైగా చక్రం చిన్నదై బండి నేలకు దగ్గరైపోతుంది, గేర్ల లెక్క కూడా మారిపోతుంది.

నీ పాత టైర్ల సైజు 25 ఇంటు 12 - 9 అయ్యుండాలి, పక్కన చూడు. ఆ సైజు ఇప్పటికీ తయారవుతోంది, మన దేశంలో కూడా ఏటీవీ (ఇట్టాంటి లావు టైర్ల బళ్లు) టైర్లు చేసేవాళ్లున్నారు. ఇప్పుడు మూడూ కొనొద్దు. పగుళ్లు పైపైనే ఉండి లోపల దారాలు కనపడకపోతే లోపల ట్యూబు వేసి గట్టు మీద మెల్లగా నడుపుకో. దారాలు బయటపడ్డ టైరు ఒక్కటే మార్చు. ముందుదే మొదట మార్చు, హ్యాండిల్ దాని మీదే ఆధారం.

గాలి మాత్రం జాగ్రత్త. దీనికి గాలి 2.2 పీఎస్‌ఐ. ఇరవై రెండు కాదు, రెండు పాయింట్ రెండు. పంక్చర్ షాపులో మీటరు అంత తక్కువ చూపించనే చూపించదు, వాడు అలవాటు కొద్దీ పాతికకు కొడతాడు, టైరు గుమ్మడికాయలా ఉబ్బి బండి ఎగిరెగిరి పడుతుంది, లేదా రిమ్ము దగ్గర పేలుతుంది. సైకిల్ పంపుతో నువ్వే కొట్టుకో. తక్కువ ప్రెషర్ గేజీ ఆన్‌లైన్లో దొరుకుతుంది. వెనక రెండు టైర్ల చుట్టుకొలత టేపుతో కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడు, తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

మైపాడు_టీచర్
రెండు పాయింట్ రెండు! మా పిల్లల బంతిలో కూడా ఇంతకన్నా ఎక్కువ ఉంటుందేమో.

పాత_ఇనుము
బ్రేకుల దగ్గరికి రా. డ్రమ్ము విప్పేటప్పుడు లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి పైపు పెట్టొద్దు. ఆ కాలం లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదు. సబ్బు నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్.

షూలు కొత్తవి వెతక్కు. పాత షూలకే కొత్త లైనింగ్ అతికించేవాళ్లు ఉన్నారు, ఖర్చు కొన్ని వందలే. కేబుళ్లు కూడా అంతే, పాతది ఇస్తే అదే పొడవుకు కట్టి ఇస్తారు. వెనక చక్రం చేత్తో పట్టుకుని ఊపి చూడు, హబ్బు ఇరుసు మీద కూర్చున్న చోట పళ్లు అరిగి టకటకమంటుందా? అంటే అది వదిలేయకు, నడుస్తుండగా చక్రం ఊడొస్తుంది.

ఉప్పుటేరు
ఊపి చూశాను, ఎడమ వైపు కొంచెం ఆడుతోంది, కానీ అది బేరింగు. నంబరు రాసుకుని నెల్లూరులో అడిగితే ఒక్క నిమిషంలో తీసిచ్చాడు, దేనికని కూడా అడగలేదు!

ఇప్పటిదాకా లెక్క: హోనింగ్, వాల్వులు, వెల్డింగ్ కలిపి మూడున్నర వేలు. గాస్కెట్లు, సీళ్లు, బేరింగులు నాలుగు వేల లోపు. చైను రెండు వేల మూడొందలు. బ్రేకు షూలు, వెనక కేబులు ఎనిమిది వందలు. ముందు టైరు కొత్తది, మూడు ట్యూబులు, అన్నీ కలిపి పదకొండు వేలు, ఇక్కడే గుండె ఆగింది. సీటు రెక్సిన్ పన్నెండొందలు. చిల్లర మల్లర ఇంకో వెయ్యి. సుమారు ఇరవై నాలుగు వేలు.

నిన్న నీళ్ల బాటిల్లో కొంచెం పెట్రోలు పోసి పైన వేలాడదీసి తాడు లాగాం. మొదట్లో ఏమీ లేదు, తర్వాత ఒక దగ్గు దగ్గి ఆగింది, చోక్ సగానికి తెచ్చి లాగితే అందుకుంది!! నల్లపొగ కాసేపు, తర్వాత శుభ్రంగా. గుంటల మీద కొంగలన్నీ లేచిపోయాయి. మా ఇంటావిడ వచ్చి చూసి "ఇదేనా ఇన్నాళ్ల తపస్సు" అని వెళ్లిపోయింది కానీ ముఖంలో నవ్వు చూశాను.

కావలి_కుర్రోడు
అన్నా వీడియో వీడియో వీడియో

లేత్_బాబాయ్
సంతోషం. కాసేపు తిరిగిన ఆ ఆయిల్ వేడిగా ఉండగానే దించేసి కొత్తది పొయ్. లోపల తుప్పు పొడి, రుద్దిన పొడి అన్నీ దాంట్లోనే వస్తాయి. తర్వాత హెడ్డు బోల్టులు చల్లారాక మళ్లీ బిగువు చూసుకో.

గేరు వేస్తే ముందుకు దూకుతోందా?

ఉప్పుటేరు
అవును బాబాయ్, న్యూట్రల్ నుంచి ఒకటో గేరు వేయగానే ఎగిరి పడుతోంది, ఇంజిన్ ఆగిపోతోంది కూడా.

పాత_ఇనుము
కుడివైపు కవరు మీద మధ్యలో నట్టు, దాని లోపల స్క్రూ ఉంటుంది, అది క్లచ్ సర్దుబాటు. నట్టు వదులు చేసి స్క్రూ మెల్లగా తిప్పితే ఒక చోట అడ్డు తగులుతుంది. అక్కడి నుంచి పావు తిప్పు వెనక్కి తెచ్చి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించు. ఐడిల్ వేగం కూడా తగ్గించు, ఎక్కువుంటే క్లచ్ ముందే పట్టుకుంటుంది. అప్పటికీ దూకితే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టు, విప్పి ఆయిల్లో నానబెట్టాల్సిందే.

ఎడారి_బండి
ఇప్పుడు నడపడం గురించి. ఇచ్చిన మాట ప్రకారం.

వెనక ఇరుసు ఒకటే కడ్డీ. ఆటోలో ఉండే డిఫరెన్షియల్ దీంట్లో లేదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. హ్యాండిల్ తిప్పితే బండి తిరగదు, నేరుగా తోసుకుపోతుంది. మలుపులో ఒంటిని లోపలి వైపు వంచి, బరువంతా బయటి వైపు కాలు కడ్డీ మీద వెయ్యాలి. అప్పుడు లోపలి చక్రం తేలికై జారుతుంది, బండి తిరుగుతుంది. బైకు అలవాటున్నవాడు లోపలి కాలు నేల మీద పెడతాడు, వెనక టైరు ఆ పిక్క మీదికే ఎక్కి మనిషిని కిందికి లాగేస్తుంది. కాళ్లు ఎప్పుడూ కడ్డీల మీదే.

నీ గట్టు వెడల్పెంత? మలుపు దగ్గర ఒక వైపు గుంట, ఒక వైపు కాలువ ఉంటే అక్కడ దిగి తోసుకుంటూ తిప్పుకో, సిగ్గేం లేదు. ముందు ఎండిన గుంటలో, నీళ్లు తీసేసిన అడుగు మీద, రెండో గేరులో తిరగడం అలవాటు చేసుకో. హెల్మెట్, బూట్లు. వెనక మనిషిని ఎక్కించొద్దు, సీటు పొడుగ్గా ఉందని మోసపోవద్దు, అది నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి.

బ్యారన్_బావ
మేత సంచుల సంగతి?

ఎడారి_బండి
వెనక ఒకటి, గట్టిగా కట్టి, తక్కువ ఎత్తులో. రెండు పెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, చిన్న ఎత్తు ఎక్కేటప్పుడైనా సరే. సంచులు ఎక్కువుంటే, చెప్పడానికి బాధగా ఉంది కానీ, బావ చెప్పిన ఎక్సెలే నయం.

బ్యారన్_బావ
ఇది ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తా.

ఉప్పుటేరు
క్లచ్ స్క్రూ సర్దాక దూకడం తగ్గింది, ఐడిల్ తగ్గించాక పూర్తిగా పోయింది. ఎండిన గుంటలో నడిపాను. ఎడారన్నా చెప్పినట్టే, మొదటి మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిప్పినా గట్టు వైపే పోయింది, బయటి కాలు మీద నిలబడ్డాక తిరిగింది. గట్టు మీద ఐదడుగులే ఉంది, కాబట్టి నేరుగా ఉన్న పొడుగు గట్టు దాకానే వాడతాను, మూలల్లో ఆపేసి నడుస్తా. సంచులు మాత్రం ఇప్పటిదాకా మోసే బండి మీదే.

మిగిలిన డబ్బులో తుప్పు గీరించి జింక్ ప్రైమర్, పైన ఎర్ర ఎనామిల్, బ్రష్షుతోనే. ఉప్పునీళ్ల దగ్గర తిప్పిన రోజు మంచినీళ్లతో కడుగుతున్నాం, చైనుకు ఆయిల్ పెడుతున్నాం.

ఇంకొకటి మిగిలింది, ముందు బ్రేకు కేబులు. పాతది తీసేటప్పుడు తొడుగు ముక్కలైపోయింది, పొడవు తెలియడం లేదు.

లేత్_బాబాయ్
పాతది లేకపోతే ఒక తాడు తీసుకుని లివర్ నుంచి డ్రమ్ము దాకా కేబుల్ పోయే దారి వెంబడే వేసి చూడు. హ్యాండిల్ ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి, రెండింట్లో ఏది ఎక్కువ వస్తే అది రాసుకో. దానికి రెండు వేళ్లు కలుపు. హ్యాండిల్ నేరుగా పెట్టి కొలిస్తే మలుపులో కేబుల్ లాక్కుని బ్రేకు దానంతటదే పడుతుంది. కొలత పంపితే నేను కట్టించి బస్సులో పెడతా, సోమవారం షాపు ఉండదు, మంగళవారం.